పిక్క మాస్టారు ఫాన్ దెహై

ఫాన్ దెహై కాళ్లు నాకు ఇరవై ఆరేళ్లుగా తెలుసు. యాంగ్‌జౌలో తూర్పు కాలవ పక్కనున్న స్నానాల ఇంట్లో కాళ్లు బాగుచేయడం నా పని. ఆనెలు చెక్కుతాను, మాంసంలోకి దిగిన గోళ్లు తీస్తాను, అరికాళ్లు పిసుకుతాను. దెహై వారానికి రెండుసార్లు వచ్చి, తువ్వాలు నడుముకు చుట్టుకుని, నా ముందున్న బల్ల మీద కాళ్లు చాపేవాడు. తెల్లటి, సన్నటి పిక్కలు. ఒక్క రోజైనా బరువు మోసిన గుర్తు లేని పిక్కలు. వాటితోనే మా పేటలో పెద్దమనిషి అయ్యాడు. ఎలా అయ్యాడో చెబుతాను. మర్యాదగా చెప్పమని మాత్రం అడక్కండి.

అతను ఉద్యోగం చేసింది లక్క సామాన్ల ఫ్యాక్టరీలో. లక్క పళ్లేలు, పెట్టెలు, తెరలు తయారయ్యే చోట ముప్ఫై ఒక్క ఏళ్లు ఉండి చేతికి లక్క అంటకుండా బయటపడ్డ మనిషి అతనొక్కడే. లౌడ్‌స్పీకర్ గదిలో కూర్చుని మైకులో చదవడం అతని పని. ఏ షెడ్డు ముందుంది, ఏ షెడ్డు వెనకబడింది, భోజనశాలలో గొడుగు ఎవరు మరిచిపోయారు, అన్నీ ఒకే గొంతుతో చదివేవాడు. గొడుగు సంగతి చదువుతున్నా యుద్ధం ప్రకటిస్తున్నట్టే ఉండేదట.

అతని భార్య చూ లిహువా అదే ఫ్యాక్టరీలో మెరుగు షెడ్డులో పనిచేసింది. తడి సిమెంటు నేల మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి, లక్క పళ్లేన్ని అరచేత్తో రుద్ది రుద్ది అద్దంలా చేయాలి. ఆ షెడ్డులో ఆడవాళ్లందరికీ పిక్కలు పట్టేసేవి. మధ్యాహ్నం అన్నం డబ్బాలు కడిగేసి, ఒకరి కాళ్లు ఒకరు ఒళ్లో పెట్టుకుని నొక్కుకునేవారు. పిక్క కండ రెండుగా చీలి కిందికి సన్నబడే చోట చిన్న గుంట ఉంటుంది. అక్కడ బొటనవేలు ఆనించి లోపలికి నొక్కి పట్టి, రెండో చేత్తో కాలివేళ్లను పైకి, మోకాలి వైపు వంచితే బిగిసిన కండ వదులుతుంది. లిహువాకు ఆ చోటు కళ్లు మూసుకున్నా దొరుకుతుంది.

దెహైకి యాభై ఎనిమిదో ఏట రాత్రుళ్లు పిక్కలు పట్టేయడం మొదలైంది. వాళ్లది పై వాటా, మాది కింది వాటా, మధ్యలో ఉన్నవి పాత చెక్క పలకలే కాబట్టి నాకు అన్నీ వినిపించేవి. ముందు మైకు గొంతుతో ఒక కేక. తర్వాత లిహువా మంచం దిగిన చప్పుడు. తర్వాత అతని మాట: "ఇంకాస్త కింద. అబ్బ, అక్కడ కాదు! అసలు నీకు తెలుసా?"

ఆమె జవాబు ఒక్కసారి కూడా వినిపించలేదు. పదకొండేళ్లు. పడుకునే ముందు అల్లం ముక్కలు దంచి వేసిన వేడినీళ్ల బకెట్టు ఆమే మోసుకొచ్చేది. రాళ్ల ఉప్పు మూకుడులో వేయించి, గుడ్డసంచిలో పోసి, అతని పిక్కల కింద పెట్టేది. బరువు బొంత కాలివేళ్లను కిందికి అణచకుండా మంచం చివర ఒక చెక్కపెట్టె నిలబెట్టి, బొంత దాని మీదికి ఎత్తి పరిచేది. చలికాలంలో మూలికల కొట్టు నుంచి తెల్ల పియోనీ వేరు, అతిమధురం తెచ్చి కషాయం కాచేది. అతను తాగి, రుచి బాగాలేదనేవాడు.

ఇంతవరకు అతను మామూలు మొగుడే. మా వీధిలో అలాంటివాళ్లు డజను మంది ఉన్నారు.

అయిదేళ్ల కిందట ఒక జనవరి మధ్యాహ్నం జౌళి శాఖలో డైరెక్టరుగా చేసి రిటైరైన చిన్ గారు వేడినీళ్ల తొట్టి మెట్లెక్కుతుండగా పిక్క పట్టేసి, మెట్టు మీదే కూలబడ్డారు. నేను చేతిలో ఉన్న కత్తి పక్కన పడేసి పరుగెత్తాను. ఆయన కాలు నా తొడ మీదికి లాక్కుని, చోటు పట్టి నొక్కి, వేళ్లు వంచాను. పాపం, డైరెక్టరు గారు నొప్పికి కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నారు. దెహై తొట్టి గట్టు మీద తువ్వాలుతో నిలబడి మొదలుపెట్టాడు.

"కంగారు పడకండి డైరెక్టరు గారూ. అది పిక్క చీలే చోటు. అక్కడ నొక్కితే వదిలిపోతుంది. ఏమోయ్ వే, ఇంకాస్త కింద!"

వే అంటే నేనే. మాట మాత్రం పెళ్లానికి చెప్పేదే. నొప్పి వదిలింది. డైరెక్టరు గారు కళ్లు తెరిచేసరికి పైన దెహై ముఖం, కింద నా నడినెత్తి ఉన్నాయి. ఆయన సహజంగానే పైకి చూశారు.

"మీరు వైద్యులా?"

సిగ్గున్న మనిషైతే కాదనేవాడు. దెహై గొంతు సవరించుకుని, "మా వంశంలో ఉందండీ. తాతగారి దగ్గర్నుంచి వస్తోంది," అన్నాడు.

వాళ్ల తాత పడవల రేవులో ఉప్పు బాతులు అమ్మేవాడు. మా తాత అతని దగ్గరే కొనేవాడు.

డైరెక్టరు గారు వీధి కమిటీలో ఒక మాట చెప్పారు. మా కొత్త సంవత్సరం, వసంత పండగ వెళ్లేసరికి కమిటీ ఆఫీసు తలుపు పక్కన నల్లబల్ల మీద రాసి ఉంది: "గురువారం ఉదయం, ఫాన్ మాస్టారు ఉపన్యాసం. రాత్రిపూట పిక్కలు పట్టేయడం, నివారణ." నలభై కుర్చీలు వేశారు. నలభై కుర్చీలూ నిండాయి. మా పేటలో రిటైరైన వాళ్లకి పిక్కలు పట్టేయడం ఎంత మామూలో, పొద్దున పదింటికి పనేమీ లేకపోవడం అంత మామూలు.

అతనికి మళ్లీ మైకు దొరికింది. ఇక పట్టపగ్గాల్లేవు. బుధవారం సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, ముల్లంగి తరుగుతున్న లిహువాను ఒక్కొక్కటే అడిగి నోట్‌బుక్కులో రాసుకునేవాడు. ఒకసారి నేను నూనె సీసా అప్పు అడగడానికి వెళ్లినప్పుడు విన్నాను.

"అతిమధురం ఎంత వెయ్యాలి?"

"మూడు నాలుగు బిళ్లలు. బీపీ ఉన్నవాళ్లకి అస్సలు వద్దు. లేనివాళ్లు కూడా రోజూ తాగకూడదు."

"మూడు నాలుగు బిళ్లలు," అంటూ అతను రాసుకుని, నోట్‌బుక్కు మూసేశాడు. మిగతాది రాయలేదు. వద్దు అనే మాట ఉపన్యాసంలో బాగుండదు కాబోలు.

రెండో ఏడు చిన్న పుస్తకం కూడా వేయించాడు, ఇరవై పేజీలు. మొదటి పేజీలో అతని ఫొటో, రెండో పేజీలో తాతగారి మహిమ, ఏడో పేజీలో కాలి బొమ్మ. బొమ్మలో నొక్కాల్సిన చుక్క మోకాలి వెనక పడింది. అచ్చు వేసినవాడి తప్పన్నాడు. లిహువా పేరు ఇరవై పేజీల్లో ఎక్కడా లేదు. ఆమె గురువారాలు ఫ్లాస్కు పట్టుకుని హాల్లో వెనక నిలబడి, అందరి గ్లాసుల్లో వేడినీళ్లు పోసేది.

నేనూ ఆ హాల్లో చివరి వరసలో కూర్చుని, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ నాలో నేను నవ్వుకున్నవాడినే. లేచి ఒక్క మాట అన్నది లేదు. అది కూడా ఇక్కడే చెప్పేస్తే నయం.

పోయిన నవంబరులో ఒక గురువారం సుయ్ చాంగ్‌గెన్ వచ్చాడు. కాలవలో తిరిగే సరుకు పడవలు మరమ్మతు చేసి రిటైరైన మనిషి. అన్నగారు పోతే లాన్‌జౌ వెళ్లి, తిరుగు రైల్లో ఇరవై రెండు గంటలు చెక్కలాంటి సీటు మీద, కాళ్ల దగ్గర జనం మూటలతో కూర్చుంటే కదలడానికి లేక అలాగే బిగుసుకుని వచ్చాడు. కుంటుతూ లోపలికి వచ్చి, ఎడమ పిక్క పట్టేసిందన్నాడు.

దెహై ముఖం వెలిగిపోయింది. "రండి రండి, ముందుకు రండి! అందరూ చూడండి, ఇవాళ స్వయంగా చేసి చూపిస్తాను."

సుయ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, పంట్లాము మడిచాడు. ఎడమ కాలు కుడి కాలికి ఒకటిన్నర రెట్లుంది. చర్మం ఎర్రగా, నిగనిగలాడుతోంది.

"చూశారా, ఎంత బిగిసిపోయిందో!" దెహై జనం వైపు తిరిగి అన్నాడు.

"మాస్టారూ, రాత్రే కాదండీ, మూడు రోజుల్నుంచి పగలు కూడా నొప్పే. పట్టుకుంటే వేడిగా ఉంది," అన్నాడు సుయ్.

"వేడి మంచిదేనయ్యా. రక్తం పరుగెడుతోందన్నమాట. ఇప్పుడు మా తాతగారి పద్ధతిలో..." అంటూ స్టూలు లాక్కుని కూర్చుని రెండు చేతులూ ఆ కాలి మీద వేశాడు. నలభై మంది మెడలు సాచారు. ఇన్నేళ్లుగా కాళ్లతోనే బతుకుతున్న నేను కూడా ఆ వాపు చూసి, గింజల పొట్టు ఉమ్ముకుంటూ కూర్చున్నాను. నా బుర్ర కూడా అంతే.

వెనక ఫ్లాస్కు నేల మీద పెట్టిన చప్పుడైంది. లిహువా కుర్చీల మధ్య నుంచి నడిచి ముందుకు వచ్చింది.

"చెయ్యి తియ్యి."

"ఏంటీ?" అన్నాడు దెహై.

"ఆ కాలి మీద నుంచి చెయ్యి తియ్యి అంటున్నా."

"లిహువా, నువ్వెళ్లి నీళ్ల సంగతి చూసుకో. ఇక్కడ వైద్యం జరుగుతోంది."

ఆమె అతని మణికట్టు పట్టుకుని, బల్ల మీద గిన్నె పక్కకి జరిపినంత మామూలుగా చెయ్యి తీసి పక్కన పెట్టింది. తర్వాత తన చేతి వెనక భాగం ముందు సుయ్ కుడి కాలికి, తర్వాత ఎడమ కాలికి ఆనించి చూసింది.

"అన్నా, ఈ కాలు ఎవరైనా రుద్దారా?"

"మా ఆవిడ రుద్దబోయిందమ్మా. నొప్పికి తట్టుకోలేక వద్దన్నాను."

"మంచి పని చేశావు. ఊపిరి బాగానే ఆడుతోందా?"

"పొద్దున్నించి కాస్త ఆయాసంగా ఉంది. ప్రయాణం బడలిక అనుకున్నా."

లిహువా లేచి నిలబడింది. ఆమె గొంతు అంత పెద్దగా ఉంటుందని మాకెవరికీ తెలియదు. "పిక్క పట్టేస్తే కాసేపట్లో వదుల్తుంది. ఒక్క కాలే వాచి, వేడెక్కి, మూడు రోజులు వదలకపోతే అది పిక్క పట్టడం కాదు. మా షెడ్డులో మెయిజూ ఇలాంటి కాలే చూపించింది. పురుడు పోసుకుని నెల తిరక్కుండా పనిలోకి వచ్చిన పిల్ల. అందరం కలిసి రుద్దాం. నేనే ఎక్కువ రుద్దాను. నాలుగో రోజు షెడ్డులోనే ఊపిరాడక పోయింది. రుద్దడం వల్లేనా అని నేను ఎవర్నీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు." నా వైపు తిరిగింది. "వే తమ్ముడూ, గింజలు పారేసి టాక్సీ పిలు. ఆయన్ని నడిపించకండి. కుర్చీతో ఎత్తండి."

నేనూ ఇంకొకతనూ కలిసి కుర్చీతో సహా ఎత్తి, టాక్సీ ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లాం. కాలి రక్తనాళంలో నెత్తురు గడ్డకట్టిందని, అందులో చిన్న ముక్క ఊపిరితిత్తి దాకా వెళ్లిందని ఆస్పత్రిలో చెప్పారు. కాలు పిసకనందుకు సంతోషించారు. పన్నెండు రోజులు ఉంచి మందులతో పంపారు. మనిషి బతికాడు.

ఇక్కడితో దెహై నోరు మూసుకుని ఉంటే నేను ఈ కథ చెప్పేవాణ్ని కాదు. మరుసటి గురువారం అతను యథాప్రకారం హాల్లో నిలబడి ఇలా అన్నాడు: "ఆ కాలు చూడగానే నాకు అనుమానం వచ్చింది. రోగి భయపడతాడని పైకి చెప్పలేదు. మా ఆవిడకు కంటితో సైగ చేశాను."

నలభై తలలూ ఊగాయి. ఆ తలలున్నవాళ్లందరూ వారం కిందట అదే హాల్లో ఉన్నవాళ్లే.

అంతటితో ఆగలేదు. ఆపిల్ పళ్ల సంచి పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాడు. వరండాలో సుయ్ భార్య కనిపించింది. ఆవిడ గురువారం హాల్లో లేదు. ప్రాణం కాపాడిన వాళ్లకి గోడకు తగిలించుకునే ఎర్ర మఖమలు జెండా కుట్టించి ఇవ్వడం మా దగ్గర మామూలే. ఆవిడ ఆ మాట ఎత్తగానే దెహై వద్దు వద్దంటూనే, దాని మీద ఏం రాయించాలో కూడా చెప్పి వచ్చాడు. బంగారు అక్షరాలతో వచ్చింది జెండా: "చేయి వేయకుండానే ప్రాణం నిలిపిన ఫాన్ మాస్టారుకు."

నిజానికి అందులో సగం మాట సరైనదే. చేయి వేయకపోవడం ఒక్కటే అతని జన్మలో అతను చేసిన వైద్యం. అదీ పక్కవాళ్లు చెయ్యి పట్టి తీసేస్తే.

లిహువా బజారు నుంచి సోయా పన్నీరు పట్టుకుని వచ్చేసరికి ముందు గదిలో అతను స్టూలెక్కి జెండా తగిలిస్తున్నాడు. మేకు కొట్టే చప్పుడు విని నేను కింది నుంచి పైకి వెళ్లాను కాబట్టి చూశాను. ఆమె పై వరస నుంచి కింది వరస దాకా చదివింది. పన్నీరు నీళ్లలో వేయడానికి వంటింట్లోకి వెళ్లింది.

"బాగుంది కదా?" అన్నాడు నాతో.

"ఎత్తు సరిపోయింది మాస్టారూ," అన్నాను.

ఆ రాత్రి మామూలుగానే కేక వినిపించింది. కానీ మంచం దిగిన చప్పుడు వినిపించలేదు.

"లిహువా! పట్టేసింది! లే!"

"వింటున్నా," అంది ఆమె.

"వింటే రావేం? చచ్చిపోతున్నా ఇక్కడ!"

"నొక్కుకో ముసలాయనా. నీ పుస్తకంలోనే ఉంది, ఏడో పేజీ."

కాసేపు మంచం కిర్రుకిర్రుమంది. అతను ఎక్కడెక్కడో వెతుక్కుంటున్నాడు. అయిదేళ్లు నలభై కుర్చీలకు పాఠం చెప్పిన మాస్టారుకి తన కాలి మీద ఆ చోటు దొరకలేదు. ఎప్పుడూ పైన నిలబడి చూసినవాడే గానీ వేలు పెట్టిన పాపాన పోలేదు. "ఎక్కడే అది? ఎక్కడా?" అని చివరికి ఏడుపు గొంతుతో అడిగాడు.

"ఇంకాస్త కింద," అంది లిహువా. తర్వాత దిండు తీసుకుని వెనక గదిలోకి వెళ్లిపోయిన అడుగుల చప్పుడు విన్నాను. తలుపు గడియ కూడా పడింది.

అల్లం నీళ్ల బకెట్టు ఆగిపోయింది. ఉప్పు సంచి ఆగిపోయింది. మూడు రాత్రులు భరించి, నాలుగో రోజు పొద్దున్నే, ఇంకా తొట్టి నీళ్లు కాగకముందే, దెహై స్నానాల ఇంటికి వచ్చాడు. కళ్ల కింద నల్లగా ఉంది. అటూ ఇటూ చూసి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"వే గారూ."

ఇరవై ఆరేళ్లలో నా పేరు పక్కన ఆ 'గారు' అదే మొదటిసారి. కత్తులు నూరుకుంటూ తల ఎత్తలేదు నేను.

"ఆ చోటు... సరిగ్గా ఎక్కడో ఒకసారి చూపించండి. పుస్తకం రెండో ముద్రణకు సరిచూసుకోవాలి."

"కూర్చోండి. మీరే నొక్కి చూపించండి, తప్పుంటే చెబుతా."

నొక్కాడు. ఎముక మీద నొక్కాడు. పళ్లు బిగించి మరీ నొక్కాడు. కావాలనే కాసేపు అలాగే వదిలేశాను. తర్వాత అతని బొటనవేలు పట్టుకుని, మడమ నరం వెంట పైకి జరిపి, కండ మొదలయ్యే గుంటలో పెట్టాను. మంచం అంచుకు మడమ ఆనించి పాదం పైకి ఎలా వంచుకోవాలో చూపించాను. పడుకునే ముందు గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం కూడా నేర్పాను. అవన్నీ బుధవారాలు లిహువా అతని నోట్‌బుక్కుకి చెప్పినవే.

"ఈ సంగతి మన మధ్యే ఉండాలి," అన్నాడు లేస్తూ.

"అలాగే," అన్నాను. నీళ్లు కాగేసరికి తొట్టిలో దిగిన పద్నాలుగు మందికీ చెప్పేశాను. మీకు నా మీద చెడ్డ అభిప్రాయం కలిగితే కలగనివ్వండి.

డిసెంబరు చివర సుయ్ కర్ర పట్టుకుని గురువారం ఉపన్యాసానికి వచ్చాడు. ఫ్లాస్కు లేదు, నీళ్లు లేవు, జనం ఉత్త గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. దెహై మళ్లీ కంటి సైగ కథ ఎత్తేసరికి సుయ్ లేచాడు.

"మాస్టారూ, ఆ రోజు మీ చేతులు రెండూ నా కాలి మీదే ఉన్నాయి. తియ్యమన్నది లిహువమ్మ. నాకు నొప్పి కాలికేనండీ, చెవులకి కాదు."

ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. దెహై చాలాసేపు గొంతు సవరించుకుని, "ఒకే ఇంట్లో వాళ్లం. ఎవరు చెబితే ఏముంది?" అన్నాడు. ఆ మాటతో జనం లేచి వెళ్లిపోయారు. జనవరి నుంచి గురువారాలు ఆ హాల్లో కుంచె రాత నేర్పుతున్నారు.

కమిటీవాళ్లు ఉపన్యాసం చెప్పమని లిహువాను అడిగారు. మూడుసార్లు అడిగారు. "కుర్చీలు, మైకు నాకొద్దు. కాళ్లు పట్టేసేవాళ్లు ఉంటే పొద్దున రండి," అని పంపేసింది. ఇప్పుడు మెట్ల కింద చిన్న స్టూలు వేసుకుని, వచ్చినవాళ్ల వేలు పట్టుకుని వాళ్ల కాలి మీదే చోటు చూపిస్తుంది. కషాయం అడిగినవాళ్లని ముందు బీపీ చూపించుకు రమ్మంటుంది. కాలు వాచినవాళ్లని ముట్టుకోదు, నేరుగా డాక్టరు దగ్గరికి తోలుతుంది. ఎవరైనా పొగిడితే, "తర్వాత ఎవరు?" అంటుంది.

దెహై పైనే ఉంటాడు. ఎవరైనా దారి తప్పి పైకి వెళితే, ఆవిడకు అన్నీ తనే నేర్పానని చెబుతాడు.

పోయిన వారం లిహువా ఉల్లికాడలు కొనడానికి వెళుతూ నా గుమ్మం దగ్గర ఆగింది. రాత్రి పైన కేక వినిపించింది కదా, ఎలా ఉందని అడిగాను.

"కేక విని లేచి చూశాను తమ్ముడూ. తనే నొక్కుకుంటున్నాడు. సరిగ్గానే నొక్కుకుంటున్నాడు. మళ్లీ వెళ్లి పడుకున్నా."

"జాలేయలేదా అక్కా?"

"డెబ్బయ్యో ఏట తన కాలు తను పట్టుకోవడం నేర్చుకున్నాడు. పిల్లలు ఆరో నెలలోనే పట్టుకుంటారు," అని సంచి భుజాన వేసుకుని బజారు వైపు వెళ్లిపోయింది.